ఆదెమ్మ అరుగు, ఎదురింటి గేటు

నగరం అంచున, కాడుగోడి పాత ఊరి సందులో ఆదెమ్మ ఇంటి ముందు ఒక అరుగు ఉండేది. మడకశిర పక్కనుంచి కూలిపనికి వచ్చిన కొత్తలో ఆమె మొగుడు కొండయ్య, సైటులో మిగిలిన సిమెంటూ పగిలిన బండలూ ఆదివారాలు మోసుకొచ్చి కట్టిన అరుగది. ఆయన పోయాక ఆ అరుగే ఆమెకు అంగడి. పొద్దున్నే మెంతాకు, కొత్తిమీర, తోటకూర పరుచుకుని కూర్చుంటే సందులో పోయేవాళ్ళు నిలబడి కొనేవాళ్ళు. కూర్చోను ఆ జాగా ఉన్నంతకాలం ఎవరి గడపా తొక్కే పనిలేదని ఆమె ధీమా.

ఎదురుగా రాగిచేలో అపార్టుమెంటు లేచింది. గేటు మొదట దక్షిణాన, పెద్దరోడ్డు మీదికే పెట్టారు. ర్యాంపూ పోశారు. అయితే ఫ్లాట్లు చూడవచ్చినవాళ్ళు దక్షిణం గేటనగానే చెప్పులేసుకుని వెళ్ళిపోవడం మొదలుపెట్టారు. బిల్డరు దానికి గోడ కట్టి మూసేసి, తూర్పున సందులోకి ఇంకొకటి తెరిచాడు. సరిగ్గా ఆదెమ్మ తలుపుకు ఎదురుగా.

సందు చూస్తే ఒక ఆటో, ఒక ఆవు పక్కపక్కన పోయేంత. కారు ర్యాంపు దిగిందంటే ముక్కు అరుగు మీదికే. వెనక్కి, ముందుకి, మళ్ళీ వెనక్కి. కొత్తగా బండి నేర్చుకున్న పిల్లలు చెమటలు కక్కుతుంటే చూడలేక ఆదెమ్మే లేచి చెయ్యూపేది.

"రా అప్పా, రా. ఇంగా జాగా ఉండాది. చాలు, తిప్పుకో."

ఒకనాడు బిల్డరు తరఫు ఇంజనీరు అశోక్‌కుమార్ వచ్చి అరుగు అంచున కూర్చున్నాడు.

"అమ్మా, ఈ మూల ఒక్కటి తీసేస్తే బండ్లు ఒకే తిప్పులో పోతాయి."

"మీ గేటే పాత జాగాకు పోరాదా అప్పా? పెద్దరోడ్డు మీద బాగుండె కదా."

"అది దక్షిణమమ్మా. ఎవరూ కొనరు."

"మా ఇల్లు యా దిక్కో చూసినావా నువ్వు?"

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు.

వార్డులో ఎవరికి ఏ చిక్కొచ్చినా నంజప్ప దగ్గరికే పోతారు. ఆదెమ్మా పోయింది. ఆయన కాఫీ తెప్పించాడు, అంతా విన్నాడు.

"ఆదెమ్మా, ఆ అరుగు నీ జాగాలో లేదు, దారిలో ఉండాది. నువ్వు గట్టిగా అరిస్తే కార్పొరేషను కొలతలోళ్ళు వస్తారు. వస్తే అరుగుతో ఆపరు. నీ మెట్లూ దారిలోనే, నీ నీళ్ళగదీ దారిలోనే."

"మరి ఏం చేయమంటావప్పా?"

"సుమ్మనుండు. నోరెత్తొద్దు."

కొన్నాళ్ళకు హేమలత వచ్చింది. ఆ ఫ్లాట్లలో ఒకింటి కోడలు, రోజూ ఆకుకూర కొనే పిల్ల. చేతిలో పొట్లం విప్పితే పాలరాతి వినాయకుడు.

"మా దారి నేరుగా వచ్చి మీ తలుపుకు తగులుతోంది కదా ఆంటీ, వీధిపోటట. మా అత్తగారు ఒకటే బాధపడుతున్నారు. ఇది గోడకు పెట్టించుకుంటే దోషం పోతుందట. మేస్త్రీని మేమే పంపిస్తాం."

ఆ పిల్ల మనసు మంచిదే. తిట్టడానికి ఆదెమ్మకు నోరు రాలేదు. దేవుణ్ణి వద్దనడానికీ రాలేదు. చేతులు చీరకు తుడుచుకుని అందుకుంది.

"దోషం పోతుంది సరే, కార్లు పోతాయామ్మా?"

హేమలత వంగి కొత్తిమీర కట్టలు ఏరుకోసాగింది.

మేస్త్రీ వచ్చి వినాయకుణ్ణి తలుపు పక్కన సిమెంటుతో అతికించాడు. ఆ చేత్తోనే, అశోక్‌కుమార్ చెప్పాడని గడ్డపార తీశాడు. వద్దనబోయిన ఆదెమ్మకు కొలతలోళ్ళు కళ్ళముందు కదిలారు.

"మూల ఒక్కటేనంట కదప్పా" అని మాత్రం అంది.

మూల కదిపేసరికి మిగతావీ పట్టు వదిలాయి. కొండయ్య ఒక బండకు ఇంకో బండ ఆనించి పేర్చినవి మరి. మేస్త్రీ పాపం ఒకటి రెండు తిరిగి నిలబెట్టి చూశాడు, నిలవలేదు. సాయంత్రానికి అక్కడ అరుగు లేదు.

మర్నాడు పొద్దున ఆమె గడప లోపల పీట వేసుకుని కూర్చుంది. గంప బయటికి కనపడదు. పోయేవాళ్ళు పోతూనే ఉన్నారు. ర్యాంపు దిగిన తెల్లకారు ఒకే తిప్పులో తిరిగింది. లోపలి అబ్బాయి అద్దం దించి "థాంక్స్ అమ్మా" అన్నాడు.

"పోయిరా అప్పా" అంది ఆదెమ్మ, ఇంకేమనాలో తెలియక.