దుమ్ముపెట్టెకి కుచ్చుల తొడుగు

గాలిలో దుమ్ము కొలవడానికి వచ్చిన పెట్టె ఆ ఇంట్లో మొదటి నెలంతా తొడుగు వేసుకునే కూర్చుంది. నీలం గుడ్డ, అంచున కుచ్చులు, వెనక నాడా.

కుట్టింది మిషనక్క. ఆవిడకి అసలు పేరొకటుంది గానీ, వీధిలో పిలిచేవాళ్లెవరూ లేరు. ఎదురుగా రాళ్లు కోసే షెడ్డు. పొద్దున రంపం తిరగడం మొదలైతే సాయంత్రానికి గిన్నెలో నీళ్లమీద తెల్లటి పొర తేలుతుంది. అందుకే ఆవిడ ఇంట్లో టీవీకి తొడుగుంది, మిక్సీకి ఉంది, బిందెకీ ఉంది. తొడుగు లేనిది మొగుడొక్కడికే. ఆయన పని ఆ షెడ్డులోనే. ఇప్పుడు ఆ పనీ లేదు, మంచమే.

పెట్టె తెచ్చింది విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న కళ్లజోడు పిల్ల, ఆమె తోటి విద్యార్థి. కిటికీ గట్టుమీద దాన్ని బిగిస్తూ ఆ పిల్ల చెప్పింది, "మేం మీ మీద పరిశోధన చెయ్యట్లేదక్కా. మీతో కలిసి చేస్తున్నాం. మీరు మా భాగస్వాములు."

మొగుడు మంచం మీంచి, "ఇన్నేళ్లూ నేనొక్కణ్ణే అనుకున్నానే!" అన్నాడు. నవ్వాడు. నవ్వు దగ్గయింది. దగ్గు ఆగాక రుమాలు మడిచి, ఎవరూ చూడకుండా దిండు కింద దోపుకున్నాడు.

వీధిలో ఇంకొన్ని ఇళ్లకీ ఇలాంటి పెట్టెలే బిగించారు. గాలిలో రాతిదుమ్ము ఎంతుందో పెట్టె తేలుస్తుంది. వీధివాళ్లూ విద్యార్థులూ కలిసి ఆ అంకెలు పట్టుకుని అధికారుల దగ్గరికి వెళతారు. అప్పుడు షెడ్డువాడు రాయి కోసేచోట నీళ్లయినా చల్లించాలి, షెడ్డయినా మూసుకోవాలి. దుమ్ము ఆగితే మనిషి ఇంకొన్నాళ్లు ఉంటాడని డాక్టరు అన్నాడు. మిషనక్క ప్రాణమంతా ఆ గట్టుమీదే ఉంది. అంత విలువైన పెట్టెని దుమ్ముకి వదిలేస్తుందా? పైగా పరాయి వస్తువు, పాడైతే మాటొస్తుంది. విద్యార్థులు వచ్చే రోజున మాత్రం తొడుగు తీసి, తుడిచి, పెళ్లిచూపులకి కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టేది.

కలిసి చేసిన పని కాబట్టి, నెల తిరిగాక మీటింగు పెట్టి అంకెలు వీధివాళ్లందరి ముందే చదివారు. షెడ్డుకి ఎదురిల్లే వీధి మొత్తానికీ శుభ్రమైన గాలి ఉన్న ఇల్లని తేలింది. షెడ్డు యజమాని వెనక వరసలో చప్పట్లు కొట్టాడు.

"గాలి బాగానే ఉందటే. బాగుపడాల్సింది నేనే," అన్నాడు మొగుడు ఆ సాయంత్రం.

మర్నాడు కళ్లజోడు పిల్ల కబురు పెట్టకుండా వచ్చింది. కిటికీ దగ్గర ఆగి కుచ్చులు చూసింది.

"అక్కా... ఇది ఎప్పట్నుంచి?"

"మొదటిరోజు నుంచేనమ్మా. దుమ్ము పడకుండా."

ఆ పిల్ల నేలమీద చతికిలబడింది. "దుమ్ము పడాలనే కదక్కా పెట్టింది! బిగించి పోయానే గానీ, ఆ ఒక్క ముక్కా చెప్పలేదు. తప్పు నాదే."

మిషనక్క నాడా విప్పింది. తొడుగు ఉండచుట్టి పొయ్యిలో పడేసింది.

మళ్లీ కొలవడానికి అనుమతి వచ్చేలోపు వానలు వచ్చి వెళ్లాయి. మొగుడూ వెళ్లిపోయాడు. దిండు కింది రుమాళ్లు ఆవిడే ఉతికి ఆరేసింది.

ఈసారి పెట్టె బోసిగా కూర్చుంది. టీవీ, మిక్సీ, బిందె కూడా. మిషనక్క కిటికీ రెక్కలు వెయ్యడం మానేసింది, గట్టు తుడవడం మానేసింది. కుట్టి దండెం మీద వేసిన బట్టలు తెల్లబడుతున్నా లేచేది కాదు. అంకెలు ఈసారి భయంకరంగా వస్తున్నాయని కళ్లజోడు పిల్ల చెబితే తల ఊపి, మిషను తొక్కుతూనే ఉంది.

ఓ మధ్యాహ్నం పక్కవీధి టీచరమ్మ వచ్చింది. కుట్టడానికిచ్చిన చొక్కా దండెం మీంచి లాగి విదిలించి, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఏంటక్కా ఇది! రేపు మా ఆయన వేసుకోవాల్సిన కొత్త చొక్కా. నిండా దుమ్మే!"

మిషనక్క తలెత్తలేదు.

"చొక్కాకి పట్టిందేగా అమ్మా, దులిపితే పోతుంది."