బెంచీ చివర కూర్చున్న మాజీ ప్రధాని

మొన్న మంగళవారం పొద్దున, మెదక్‌లోని మా కంటి దవాఖానలో ఓపీ ఇంకా మొదలుకాకముందే నా ఫోనుకు ఒక సందేశం వచ్చింది. కరీబియన్ సముద్రంలోని ఒక చిన్న దీవికి రెండుసార్లు ప్రధానిగా పనిచేసిన పెద్దాయన కాలం చేశారని ఆయన మనవరాలు రాసింది. ఆ వార్త మన పత్రికల్లో రాలేదు. నేను ఆ దీవి ప్రభుత్వ ఆస్పత్రిలో తొమ్మిదేళ్లు కంటి వైద్యునిగా పనిచేశాను. ఆయనకు మిగిలిన ఒకే ఒక్క కంటి చూపు నా చేతిలోనే పోయింది. అందుకే ఈ నాలుగు మాటలు.

తెలిసినాయన పోయారని చెప్పి కదలకుండా కూర్చున్న నన్ను చూసి మా కాంపౌండర్ ఖాజా, "సార్, జర సేపు ఆగి మొదలుపెడదామా? బయట మంది నిండిండ్రు గని, నేను చెప్తా తీయండ్రి" అన్నాడు. టేక్మాల్ నుంచి వచ్చిన ఒక ముసలమ్మ తలుపు దగ్గర నిలబడి విన్నది.

"ఎవలు పోయిండ్రు సారూ? మీ అన్ననా?"

"కాదమ్మా. నేను ఆపరేషన్ చేసిన మనిషి."

"మంచిగైందా మరి ఆయనకు?"

"కాలేదమ్మా."

ఆమె గడప దాటి లోపలికి వచ్చింది. "అయితే ఆయన మిమ్మల్ని ఒక్క మాట గూడ అని ఉండడు. అంటే గింత దుఃఖం రాదు."

అనలేదు. నన్ను ఆయన మందలించింది ఒకే ఒక్కసారి, అదీ వేరే సంగతికి.

ఆ దీవిలో ఒక మర్యాద ఉంది. నలుగురు కూర్చున్న చోటికి వెళ్లినవారు ముందు అందరికీ శుభోదయం చెప్పాలి. ఆ తర్వాతే ఏ మాటైనా. మన దగ్గర రోగులే లేచి డాక్టరుకు నమస్కారం పెడతారు. ఆ అలవాటుతో నేను మొదటి వారమంతా తలవంచుకొని నేరుగా నా గదిలోకి పోయాను. ఒకరోజు వరుసలో తన వంతు వచ్చాక పెద్దాయన లోపలికి వచ్చారు. అంతసేపూ బెంచీ మీద కూర్చున్నది మాజీ ప్రధాని అని నర్సు అప్పుడు చెప్పింది. ముందే పిలవవలసిందని ఆయనతో నొచ్చుకుంటూ అన్నాను.

"అది కాదు డాక్టర్, మీ మీద ఫిర్యాదు వేరే ఉంది" అన్నారు. "ఇక్కడి జనం ఎన్నికల్లో ఓడినవాణ్ణి మళ్లీ గెలిపిస్తారు, నేనే సాక్షిని. పలకరించకుండా పోయినవాణ్ణి మాత్రం మనవల కాలం దాకా గుర్తుపెట్టుకుంటారు."

బయటికి వెళ్లి అందరికీ శుభోదయం చెప్పాను. బెంచీలన్నీ ఒక్క గొంతుతో బదులు పలికాయి. వెనక నుంచి ఒకామె, "ఇప్పటికి నిద్ర లేచారా!" అన్నది.

ఆయనకు గ్లకోమా. కంటిలో ఒత్తిడి పెరిగి చూపునరాన్ని కొద్దికొద్దిగా తినేసే జబ్బు. ఎడమ కన్ను నేను వెళ్లకముందే పోయింది. కుడి కంటిలో నడిమి చూపు మాత్రం చిన్న కిటికీ అంత మిగిలింది. మందులకు ఒత్తిడి లొంగలేదు. ఆపరేషన్ చేయకపోతే ఆ కిటికీ నెమ్మదిగా మూసుకుపోతుంది. చేస్తే, అరుదుగానైనా, ఒక్కసారిగా మూసుకుపోవచ్చు. రెండూ విడమరిచి చెప్పాను. "మీరైతే ఏం చేస్తారు?" అని అడిగారు. చేయించుకుంటానన్నాను.

ఆపరేషన్ చేసిన మర్నాడు కట్టు విప్పాను. ఆయన నా వైపు తిరిగి, "లైటు వేయండి డాక్టర్" అన్నారు. లైటు వెలుగుతూనే ఉంది.

నేను రాజీనామా రాసుకున్నాను. అది తెలిసి, మనవరాలి చేయి పట్టుకుని వచ్చారు. "ఓడిన నిర్ణయం వేరు, తప్పు నిర్ణయం వేరు. పదవిలో నేను రెండూ చేశాను. తేడా నాకు తెలుసు" అన్నారు. ఆ రాజీనామా ఇవ్వలేదు.

ఆ తర్వాత ప్రతి గురువారం వచ్చి బెంచీ చివర కూర్చునేవారు. ఆయన చూపించుకోవలసింది ఏమీ లేదు. ఆపరేషన్ అనగానే భయపడి లేచిపోయేవారిని పక్కన కూర్చోబెట్టుకునేవారు. చేపలమ్మే ఒకామె, "మీకే ఇలా అయితే మా గతేమిటి?" అని నిలదీసింది. "నాకిలా అయింది, నిజమే. ఇక్కడి నుంచి చూపుతో ఇంటికి పోయినవాళ్లూ ఉన్నారు. వాళ్లను నేను చూడలేను కదా, నువ్వే చూసి నాకు చెప్పు" అన్నారు. ఆమె నవ్వింది. ఆపరేషన్ చేయించుకుంది.

క్షమించమని మాత్రం ఆయన్ను నేనెన్నడూ అడగలేదు. అడిగితే ఓదారుస్తారు, ఆ ఓదార్పు అందుకునే యోగ్యత నాకు లేదనుకున్నాను. దీవి విడిచి వచ్చే రోజు ఎలాగైనా అడగాలని నిశ్చయించుకున్నాను.

అక్కడ ప్రయాణికులు విమానం దాకా నడిచే పోతారు. సాగనంపేవారు ఇనుప కంచె అవతల నిలబడతారు. ఆయన వచ్చేసరికి నేను విమానం మెట్ల దగ్గరికి చేరుకున్నాను. మనవరాలు ఆయన చెవిలో ఏదో చెప్పింది. ఆయన టోపీ తీసి, పైకెత్తి ఊపారు. నా వైపు కాదు, దూరంగా ఆగివున్న ఖాళీ సామాన్ల బండి వైపు. నేను ఇటున్నానని అరిచి చెప్పకుండానే మెట్లెక్కాను. విమానం కదిలాక కిటికీలోంచి చూశాను. సముద్రపు గాలికి తెల్లజుట్టు చెదిరిపోతుండగా, ఆయన నవ్వుతూ, ఆ బండికే ఇంకా టోపీ ఊపుతున్నారు.