మత్రోనా కోసిన వల

మా ఊళ్లో ప్రతి ఇంట్లోనూ వైర్‌లెస్ సెట్టు పొద్దస్తమానం మోగుతూనే ఉంటుంది. పడవ తీసినా, టీ మరిగినా అందులో చెప్పుకోవడమే. జూన్ వచ్చిందంటే మత్రోనా అందులో గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి నదిలో ఎదురీదుకుంటూ వచ్చే సాల్మన్ చేప మీద తను కట్టిన పాట చెప్పేది. బడిలో వంట చేసే మనిషి. ఆమె పాట ఒక్కటీ అచ్చు కాలేదు. "నదిలోకి వచ్చాక మెతుకు ముట్టలేదు, కడుపులో పిల్లలున్నాయి, దారివ్వండయ్యా" అని ఆ గొంతు వినబడితే చేతిలో పని ఆపేసేవాళ్లం.

నాలుగేళ్లుగా మా ఊరి పక్క యూకాన్ నదిలో సాల్మన్ తగ్గిపోయింది. పట్టకూడదని సర్కారు ఆంక్ష వచ్చింది. వేసవి సెలవుల్లో మత్రోనాకు వాగు పక్కన మంచె మీద కూర్చుని, ఎదురీదే చేపల్ని లెక్కపెట్టే పని దొరికింది. ఆ జూన్ అంతా కలిపి పదకొండు కనబడ్డాయి. ఇంటికొచ్చినా ఆమె కుదురుగా కూర్చోలేకపోయేది. టీ పోసుకుని తాగడం మరిచిపోయి గట్టు మీద అటూ ఇటూ తిరిగేది. "ఇవాళ ఒక్కటీ రాలేదు" అనేది పక్కింట్లో ఉండే నాతో, నేనే ఎక్కడో దాచినట్టు.

ఒక పొద్దున మంచెకు వెళ్తుంటే వాగు నదిలో కలిసేచోట, పొదల చాటున వల కనబడింది. తమ్ముడు ఇగ్నాటిది. అందులో గుడ్లతో నిండిన ఆడ చేప ఇంకా కొట్టుకుంటోంది. మత్రోనా చాకు తీసి వల కోసేసి చేపను నీళ్లలోకి వదిలేసింది. తర్వాత ఇంటికొచ్చి వైర్‌లెస్‌లో అంది: "ఇగ్నాటీ, నీ వల నేనే కోశాను. అందరూ వింటున్నారని తెలిసే చెబుతున్నా."

కాసేపటికి ఇగ్నాటి కోపంతో ఊగిపోతూ ఆమె ఇంటికి వచ్చాడు. నేనక్కడే ఉన్నాను.

"మా అత్తగారు పోయిన నలభయ్యో రోజు భోజనానికి ఏం పెట్టమంటావక్కా? నీ పాట వేయించి వడ్డించనా?"

"వేరే చేప పెట్టరా."

"ఆవిడ బతుకంతా సాల్మన్ ఎండబెట్టింది! సముద్రంలో పెద్ద ఓడలు వేరే చేపల కోసం వలలేసి, అందులో పడ్డ సాల్మన్‌ని చంపి పారేస్తున్నాయి. అవి కనబడవు నీకు. తమ్ముడి వలే కనబడింది."

మత్రోనా నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. ఆ భోజనంలో సాల్మన్ వడ్డిస్తే నేనూ తినేదాన్నే.

తమ్ముడన్న ఓడల మాట ఆమెను నిలవనివ్వలేదు. ఆ వేసవిలో మళ్లీ పాట చెప్పలేదు. శరత్కాలంలో పట్నంలో ఆ ఓడల వేట మీద అధికారుల సమావేశం ఉందని తెలిసి విమానమెక్కింది. తోడుగా నేనూ వెళ్లాను. చూస్తే ఇగ్నాటి వెనక సీట్లో ఉన్నాడు, పలకరించకుండా.

సమావేశంలో మాట్లాడతామని పేరిచ్చిన ఒక్కో మనిషికి మూడు నిమిషాలు. మత్రోనా మా భాషలో పాట ఎత్తుకుంది. సగంలోనే గంట మోగింది.

"మీ సమయం అయిపోయిందమ్మా."

ఆమె చేతిలోని కాగితం దించలేదు. వెనక నుంచి ఇగ్నాటి లేచాడు. "నా మూడు నిమిషాలూ మా అక్కకివ్వండి. చేప ఇంకా సగం నది కూడా దాటలేదు."

పాట పూర్తయ్యాక ఆమె వాళ్లకు అర్థమయ్యే ఇంగ్లిషులో అంది: "నేను నా తమ్ముడి వల కోశాను. మీలో ఓడ వల ఎవరు కోస్తారు?"

అధికారులు నిర్ణయం ఏప్రిల్‌కు వాయిదా వేశారు.

బయట వరండాలో ఇగ్నాటి దగ్గరికొచ్చాడు. "నిన్ను క్షమించాననుకోకు."

"అనుకోలేదురా."

"పద, ఏదన్నా తిందాం. కాస్త కూర్చో."

ఆమె కూర్చోలేదు. కాగితం గోడకు ఆనించి, నిలబడే ఏప్రిల్‌లో చెప్పాల్సిన పాట రాసుకుంటోంది.