తొట్లు బోర్లించే జ్ఞానప్రకాశం సారు

నిలవనీళ్ళు కనబడితే చాలు, జ్ఞానప్రకాశం సారుకు పారబోసేదాకా చేతులు ఊరుకోవు. ముప్ఫై ఏళ్ళు నంద్యాల మలేరియా ఆఫీసులో పనిచేసి రిటైరై, 1978లో ఆళ్ళగడ్డలో బాలమ్మ ఎదురింట్లో అద్దెకు దిగాడు. చేతులు మాత్రం రిటైర్ కాలేదు.

చర్చిలో పూలకూజా ఖాళీ చేశాడు. ఒక పెళ్ళిలో పెళ్ళికొడుకు కాళ్ళు కడగడానికి పెట్టిన చెంబును బోర్లించి, "ఎన్ని దినాల నీళ్ళప్పా ఇవి?" అని పెళ్ళికూతురి తండ్రినే నిలదీశాడు.

శుక్రవారం సాయంత్రమైతే వీధిలోని ఆరిళ్ళ తొట్లూ బోర్లాపడాల్సిందే. ఎండాకాలంలో తొట్టెడు నీళ్ళంటే బోరింగు దగ్గర రెండు గంటల కొట్లాట. పైగా బాలమ్మ కూతురు దెబోరా కాన్పుకొచ్చి ఉంది.

"ఏంది సారూ, మా తొట్టి మీద పడినారు? మళ్ళా నీళ్ళెవురు మోస్తారు?"

"దోమపిల్లలు ఈదుతాండాయి సూడమ్మా. ఇంట్లో చూలాలుండాది."

బాలమ్మకు ఉన్న ఒకే ఊరట మొగుడు శాంతయ్య. శనివారం ఆమె లేచేసరికి తొట్టి నిండి ఉండేది. "నువ్వేనా పోసింది?" అంటే శాంతయ్య మీసం దువ్వుకుని, "ఇంకెవురే?" అనేవాడు. మురిసిపోయి ఆమె రెండు గుడ్లు ఎక్కువ ఉడకబెట్టేది.

చివరికి ఓపిక నశించి, సారును ఖాళీ చేయించమని ఇంటి ఓనరు శేషయ్యను పట్టుకుంది. "ఆరిళ్ళోళ్ళూ వద్దంటే పంపిస్తా" అన్నాడాయన. అందరినీ కూడగడదామని శనివారం తెల్లారుతూనే బయటికొచ్చింది. చూస్తే సారు! భుజాన బిందె, రొప్పుతూ ఆమె తొట్టిలోనే పోస్తున్నాడు.

"ఏం చేస్తాండారు సారూ?"

"పారబోసినోడే పోయాల గదమ్మా."

"ప్రతివారమూనా? ఆరిళ్ళకూనా? ఒక్కమాటన్నా చెప్పకపోతిరే!"

సారు నసిగాడు. "ఆరుగురు మొగుళ్ళమ్మా... గుడ్లు తింటా సంతోషంగా ఉండారు. వాళ్ళ మర్యాద తీసేదెందుకని."

బాలమ్మకు నవ్వాగలేదు. సారు మీద ఇన్నాళ్ళూ నోరు పారేసుకున్నందుకు సిగ్గూ వేసింది. తిన్నగా లోపలికెళ్ళి శాంతయ్య దుప్పటి లాగింది. ఆ తర్వాత మిగతా ఐదిళ్ళ తలుపులూ తట్టింది.

ఆ వానాకాలం పక్కవీధంతా చలిజ్వరంతో మూలిగింది. ఈ వీధిలో మాత్రం దెబోరాకు పుట్టిన కొడుకు ఒంటిమీద ఒక్క దోమకాటు దద్దురు లేదు.

ఒక శుక్రవారం శేషయ్య వచ్చాడు. సారు రాజాలాగా తొట్లు బోర్లిస్తూ ముందు నడుస్తున్నాడు. వెనకాలే ఆరుగురు మొగుళ్ళు, తలలొంచుకుని బిందెలతో.

"ఏం బాలమ్మా, సారును పంపించాల్నా?"

"సాల్లే శేషయ్యన్నా! ఆయప్ప పోతే వీళ్ళతో పని చేయించేదెవురు?"