తోకమ్మగారికి పసుపు ఎవరు రాశారు

ఏడో తరగతిలోనే బడికి నమస్కారం పెట్టినవాణ్ణి కాబట్టి నేను దెయ్యాలను నమ్ముతాననుకుంటారు. తప్పు. నాకు తెలిసినవాళ్ళలో దెయ్యాన్ని చూశామన్న వాళ్ళందరూ డిగ్రీ చదివినవాళ్ళే. నాకు అంత అర్హత లేదు.

అమలాపురం దగ్గర ఒక ఫార్మసీ కాలేజీలో ఎలుకల గది చూసుకోవడం నా పని. మేత, నీళ్ళు, బోన్లు కడగడం. మందాకుల సారం తీసి, మనుషులకు ప్రమాదమో కాదో ముందు ఈ తెల్లెలుకలకు పోసి చూస్తారు. ఏది ఏదో తెలియడానికి పసుపు రంగు మందుతో గుర్తు పెడతారు. ఒకదానికి తల మీద, ఒకదానికి వీపు మీద, ఒకదానికి తోక మీద. అన్నీ ఆడవే. కోనసీమలో పుట్టి గారు లేకుండా ఎవరినీ పిలవలేం కదా, తలమ్మగారు, వీపమ్మగారు, తోకమ్మగారు అనేవాణ్ణి.

తోకమ్మగారికి నేనంటే అభిమానం. బోను తెరిస్తే మిగతావి మూలకు పోయేవి. ఈవిడ మాత్రం నా చెయ్యెక్కి చొక్కా చేతిలో దూరేది.

మా అత్తగారిది వాడపల్లి పక్క ఊరు. మోకాళ్ళ నొప్పులకు రోజూ పూజ ముగించుకుని ఒక ఆకు కషాయం తాగుతారు. ఆవిడ దాన్ని నొప్పులాకు అంటారు. మా కాలేజీలో పరిశోధన చేసే మేడమ్ గారు ఇంకో పేరు చెప్పారు, దానికి నా నోరు తిరగలేదు. ఆవిడ పరీక్షంతా ఆ ఆకు మీదే. మొదటి విడత పోసిన ఎలుకలన్నీ బాగున్నాయి. రెండో విడత ఆకు అత్తగారి దగ్గర్నుంచి తెమ్మని నన్నే పంపారు.

అత్తగారికి ఎలుకల సంగతి ఎప్పుడూ చెప్పలేదు. ఎలుకలు పట్టే చేత్తో తింటున్నానని తెలిస్తే ఆ ఇంట్లో నాకు పూతరేకులు బందు.

నీడన ఆరబెట్టిన కొత్త ఆకులో సగం నాకిచ్చి, సగం ఆవిడ కొత్త డబ్బాలో పోసుకున్నారు. పాత డబ్బా ఇంకో పన్నెండు రోజులొస్తుందట. నాకిచ్చిన దాంట్లో కొన్ని కాడలు ఎర్రగా ఉన్నాయి.

"అదే ఆకంటారా అత్తయ్యగారూ?"

"నలభై ఏళ్ళ నుంచి కోస్తున్నానండి అల్లుడుగారూ. మీ మావయ్యగారి మొహమన్నా మర్చిపోతానేమో గానీ ఈ ఆకు మర్చిపోను."

ఆవిడకు చూపు తగ్గిందని ఇంటిల్లిపాదికీ తెలుసు. అరుగు మీద గుమ్మడికాయ పెడితే బాగున్నారా అని పలకరించే స్థితి. కానీ అల్లుడై ఉండి కాదనడం ఎలా? "ఆయ్" అన్నాను.

సారం తయారయ్యేసరికి పన్నెండు రోజులు పట్టింది. ముందు ఒక్కదానికి పోసి, దాని సంగతి చూశాకే రెండోదానికి పోస్తారు. బోను తెరవగానే ఎప్పట్లాగే తోకమ్మగారే ముందుకొచ్చింది. మేడమ్ గారు గొట్టంతో నోట్లో పోశారు. గంట తిరక్కుండానే ఒక పక్కకు వాలిపోయింది. బోను మూత వేసే ఉంది. మేమిద్దరం ఎదురుగానే ఉన్నాం.

అప్పుడు ఆ ఎర్ర కాడలు గుర్తొచ్చాయి. అత్తగారు కొత్త డబ్బా తెరిచేదీ ఆ రోజే.

ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. ఎత్తలేదు. మూడోసారి మోగుతుండగా మేడమ్ గారు తోకమ్మగారి గుండె మీద వేలు పెట్టి చూశారు. గోడ గడియారం చూసి పుస్తకంలో పదీ ఇరవై అని రాసుకున్నారు.

నాలుగోసారికి ఎత్తారు.

"కషాయం తాగేరా అత్తయ్యగారూ?"

"ఎక్కడ తాగనిచ్చిందండి. గ్లాసు నోటి దగ్గర పెట్టుకునేసరికి పొయ్యిగట్టు మీంచి ఓ ఎలక నా చెయ్యెక్కేసి రవిక చేతిలో దూరబోయింది. గ్లాసు వదిలేసేను. మల్లెపువ్వులా ఉందండి. తోకకి పసుపు రాసుకుని మరీ వచ్చింది, పేరంటానికొచ్చినట్టు."

"ఎప్పుడండి?"

"ఇప్పుడేనండి. అది ఒలికింది తుడుస్తుంటేనే మీ ఫోను."

ఆ డబ్బా ముట్టుకోవద్దని చెప్పాను. అత్తగారి మాటకు నేను అడ్డు చెప్పడం అదే మొదలు. మిగిలిన ఆకును మేడమ్ గారు పరీక్ష చేయిస్తే, అచ్చం అలాగే ఉండే వేరే తీగ ఆకు అందులో కలిసిందని తేలింది. అత్తగారికి కళ్ళ ఆపరేషన్ చేయించాం. ఇప్పుడు గుమ్మడికాయల జోలికి పోవడం లేదు.

ఆ ఊళ్ళో తెల్లెలుకలు పెంచేవాళ్ళు ఎవరూ లేరు, కనుక్కున్నాను. తోక గుర్తు సంగతి ఇంట్లో మా ఆవిడకు కూడా తెలియదు. మా కాలేజీ నుంచి అక్కడికి వెళ్ళాలంటే నేనే రావులపాలెంలో బస్సు మారాలి. మనిషి మొహం ఆనని అత్తగారికి ఎలుక తోక మీద పసుపు ఎలా ఆనిందో కూడా నాకు తెలియదు. మేడమ్ గారి పుస్తకంలో 'గమనించినవి' అని ఒక గడి ఉంది. ఇదీ రాయమని అడిగాను. ఆవిడ నవ్వలేదు, రాయనూ లేదు.

ఇప్పటికీ అత్తగారు పొయ్యిగట్టు మీద రోజూ నాలుగు బియ్యపు గింజలు పెడతారు. నేను వెళ్ళినప్పుడల్లా అడుగుతారు.

"ఆ పేరంటాలు మళ్ళీ రాలేదేమండి అల్లుడుగారూ? వస్తుందంటారా?"

ఎన్నిటికో ఆయ్ అన్నవాణ్ణి. దానికి మాత్రం అనలేకపోతున్నాను.