సంచీలోకి దిగిన పసరు

నాకు ఎవరో మందు పెట్టారని మా అత్త తేల్చేసింది. తెలియనివాళ్లకు చెబుతున్నాను, మందు అంటే జ్వరానికి వేసుకునేది కాదు. గిట్టనివాళ్లు కూరలో ఏదో కలిపి తినిపిస్తారని, అది కడుపులో ఉండకట్టి మనిషిని ఎండబెట్టి చంపుతుందని మా చేవెళ్ల వైపు నమ్మేవాళ్లు చాలామంది. నేను ఎండిపోతున్న మాట మాత్రం నిజమే. మింగిన ముద్ద రొమ్ము మధ్యకు వచ్చి ఆగిపోయేది. నీళ్లు తాగి తోద్దామంటే నీళ్లూ దాని మీదే నిలబడేవి. కాసేపటికి రెండూ కలిసి నోట్లోంచీ ముక్కులోంచీ వచ్చేవి. ఎంకపల్లి దగ్గర గులాబీ తోటలో పూలు కట్టలు కట్టే పని నాది. జాకెట్లన్నీ వదులైపోయి, పిన్నీసులతో నెట్టుకొచ్చేదాన్ని.

కనకమామిడిలో మాది ఒకే పొయ్యి. మా ఆయన సాఫ్ట్‌వేర్ కంపెనీవాళ్లను దింపే కారు నడిపేవాడు. మా బావ, అంటే ఆయన అన్న, ఊరి పక్కన కొత్తగా లేచిన ఫామ్‌హౌసులో కాపలా. అందరం పనులకు పోతే ఇంట్లో వంట మా ఏరాలు చేసేది. ఆమె బావ భార్య, నాకు అక్క వరస. ఆమెకు పిల్లలు లేరు, నాకు ఉన్నారు. అత్తకు అంతకంటే సాక్ష్యం అక్కర్లేకపోయింది.

చేవెళ్ల అవతల మందు కక్కించే మనిషి ఒకడున్నాడంటే నన్ను తీసుకుపోయారు. మా ఆయన నా చేతులు వెనక్కి విరిచి పట్టుకున్నాడు. వాడు నా దవడలు నొక్కి ఏదో ఆకు రసం పోశాడు. అది లోపలికి పోలేదు, నా కడుపులోకి ఏదీ పోవడం లేదనే కదా అసలు గోల. ఊపిరాడక తన్నుకున్నాను. కొరికాను కూడా, వాడి వేలు తెగింది. చివరికి పొద్దున తిన్న అటుకులు ఉండగా బయటపడితే, అదే మందని అందరికీ చూపించాడు. ఆ రోజు వాడిని చంపేయాలనిపించింది. ఇప్పుడూ అనిపిస్తుంది.

గులాబీ తోట యజమానురాలు, మా మేడమ్, కోప్పడి పంపిస్తే పట్నం దవాఖానకు వెళ్లాను. అన్నం దిగే గొట్టం చివర కండరం బిగుసుకుపోయిందని, కడుపు మీద చిన్న చిన్న రంధ్రాలు పెట్టి లోపల ఆ కండరం కోయాలని డాక్టరు చెప్పాడు. కోశారు.

మెలకువ వచ్చేసరికి ముక్కులోంచి కడుపు దాకా సన్నటి ప్లాస్టిక్ గొట్టం ఉంది. ఊడకుండా ముక్కుకు పట్టీ అంటించారు. ఉమ్మి మింగినప్పుడల్లా గొంతును ఎవరో లోపలి నుంచి గీరుతున్నట్టుండేది. దాన్ని పీకి గోడకు కొట్టాలని చేతులు దురదపెట్టేవి. "కండరం కోసినకాడ పల్చటి పొర ఒక్కటే మిగిలిందమ్మా. గొట్టం ఊడిందనుకో, మళ్ల ఎయ్యంగ ఆ పొరకు చిల్లు పడొచ్చు. చిల్లు పడితే పానం మీదికొస్తది," అని నర్సు చెప్పింది. అందుకే ఓర్చుకున్నాను. గొట్టం రెండో కొస మంచానికి వేలాడే సంచీలో ఉండేది. అందులోకి కడుపులో ఊరే పసరు, అంటే పైత్యం, దిగుతోంది, ముదురు ఆకుపచ్చగా, మధ్యమధ్య నెత్తుటి జీరలతో.

మధ్యాహ్నం ముగ్గురూ వచ్చారు. మా ఆయన, అత్త, వాళ్లకు అన్నం డబ్బా పట్టుకుని ఏరాలు. అత్త నా మొహం చూడలేదు, సంచీ చూసింది.

"గదే కొడుకా. గదే మందు. ఎట్ల నల్లగ దిగుతున్నదో సూడు. నేను జెప్తే ఎవలన్న ఇన్నరా?"

"అట్లనకు అత్తా. నా చేతులతోని నేనట్ల ఎట్ల జేస్త?" అంది ఏరాలు.

ఆమె మాట పూర్తి కాలేదు. మా ఆయన ఆమె కొప్పు పట్టి ఒక్క గుంజు గుంజి, తలను నా మంచం ఇనుప కమ్మీకి కొట్టాడు. అన్నం నేలంతా చెల్లాచెదురైంది. మళ్లీ కొట్టాడు. మంచం అదిరినప్పుడల్లా నా కడుపులో కోసినచోట భగ్గుమంది. ఆపమని అరవబోయాను. గొంతు పుండై గాలి తప్ప మాట రాలేదు. ఆమె నుదుటి నెత్తురు నా దుప్పటి మీద పడింది.

నేను గొట్టం పట్టుకుని పీకేశాను.

అది ఎంత పొడుగుందో అప్పుడే తెలిసింది. ముక్కులోంచి నెత్తురు కారింది. ఆ తడి గొట్టంతోనే మా ఆయన మొహం మీద కొట్టాను. ఆయన కళ్లు మూసుకునేదాకా కొట్టాను.

"అక్కను ఇడువు. ఇడువకపోతే నేను సచ్చి నిన్ను జైల్ల ఏయిస్త," అన్నాను. మాట వచ్చింది, ఎలా వచ్చిందో తెలియదు.

వార్డువాళ్లు వచ్చి ఆయన్ని బయటికి ఈడ్చుకుపోయారు. నర్సు అత్త వైపు తిరిగి, "అవ్వా, గది పసరు. నీ ముక్కుల గొట్టమేసినా గదే వస్తది. ఏస్కుంటవా?" అంది. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. డాక్టరు నన్ను నోటికొచ్చినట్టు తిట్టి, మళ్లీ గొట్టం వేసే ధైర్యం చేయలేక, ఏదో తాగించి ఎక్స్‌రే తీయించాడు. అది తీసేదాకా నేను పిల్లల గురించే ఏడ్చాను. చిల్లు పడలేదు.

ఈ సంగతి తెలిసి బావ మా ఆయన్ని ఇంటి వెనక పడేసి కాళ్లతో తన్నాడట. పన్ను ఊడింది. విని నాకు చల్లగా అనిపించింది.

ఇల్లు చేరాక కొన్నాళ్లు పలచటి జావ తప్ప ఏదీ తినకూడదన్నారు. పొయ్యి దగ్గరికి ఎవరు పోతారో తెలియక అందరూ అరుగు మీద కూర్చున్నారు. నేను లేవలేను. అత్తకు వంట చేసే ఓపిక లేదు. నుదుటి కుట్లతో ఏరాలే లేచి వెళ్లింది. గ్లాసులో జావ తెచ్చింది. నాకు ఇవ్వలేదు. మా ఆయన ముందు నిలబడి రెండు గుక్కలు తాగింది. నోరు తెరిచి ఖాళీ నోరు అత్తకు చూపించింది. అప్పుడు గ్లాసు అంచును కొంగుతో తుడిచి నా చేతికిచ్చింది.

"గట్ల జెయ్యకు అక్కా. నాకు నమ్మకమే," అన్నాను.

"నీకున్నది. నాకే లేదు, గీ ఇంటి మీద," అంది.

జావ ఎక్కడా ఆగకుండా కడుపులోకి దిగిపోయింది. ఎన్నాళ్లుగానో దాని కోసమే చూశాను. ఆ రోజు సంతోషపడలేకపోయాను. ఇప్పుడు మాకు రెండు పొయ్యిలున్నాయి. పండక్కి ఏదైనా వండి తెస్తే, ఏరాలు మా గడపలోనే నిలబడి ముందు తను ఒక ముద్ద తిని, మింగి చూపించాకే గిన్నె నా చేతిలో పెడుతుంది.