సుగుణమ్మ సిస్టరు సముద్రం

నిన్న మా కోడలు పెరట్లో కూర్చుని చింతపండుతో రాగి బిందె తోముతుంటే ఆ పుల్లటి వాసన వసారా దాకా వచ్చింది. ఆ వాసనకు ఎవరికైనా పండగ గుర్తొస్తుందేమో గాని, నాకు మాత్రం చచ్చిపోయిన మూడు పీతలు, వాటి వెనకే సుగుణమ్మ సిస్టరు గుర్తొస్తారు. ఆమెను మీరెవరూ చూసి ఉండరు. చూసి ఉంటే మరిచిపోయేవారు కాదు.

సిరిసిల్లలో మగ్గాల చప్పుడు మధ్య పెరిగిన నేను పెళ్ళయ్యాక మందమర్రి కాలనీకి వచ్చాను. మా ఆయన బాయిలో బొగ్గు పని. పక్క క్వార్టరులో గని దవాఖానా నర్సు సుగుణమ్మ ఒక్కతే ఉండేది. కాకినాడ దగ్గర తాళ్ళరేవు ఆమెది, తండ్రి పడవలు కట్టే వడ్రంగి. ఆయన చేసిచ్చిన టేకు తొట్టి ఒకటి ఆమె ముందుగదిలో ఉండేది. ఉప్పునీటికి ఇనుము తుప్పు పడుతుందని ఒక్క మేకు కూడా కొట్టకుండా, ఒకవైపు అద్దం బిగించి, సందులు గుగ్గిలంతో పూడ్చాడాయన. అందులో అచ్చంగా సముద్రపు నీళ్ళు. వేలెడంత చేపలు రెండు, శంఖాల్లో కాపురముండే మూడు పీతలు, రాతికి అంటుకుని వేళ్ళు ఆడించే ఒక సముద్రపు పువ్వు. పువ్వంటే పువ్వు కాదు, ప్రాణమున్న జంతువే. కాలనీ ఆడవాళ్ళంతా వరస కట్టి చూసి వెళ్ళేవారు. గోదావరి చూసినవాళ్ళే మాలో గొప్ప, ఇక సముద్రం ఎవరు చూశారు?

ఏడాదికి రెండుసార్లు గాజు జాడీల్లో నీళ్ళు రైల్లో వచ్చేవి. గాలి కోసం లారీ ట్యూబు ఒకటి. పొద్దున్నే సైకిలు పంపుతో నింపి సన్నటి గొట్టం తొట్టిలోకి వదిలితే రోజంతా బుడగలు వచ్చేవి. ఆ పంపు కొట్టే పని నేనే అడిగి తీసుకున్నాను. తొట్టిలో చెయ్యి పెట్టేముందు గాజులు తియ్యాలి, సబ్బు వాసన ఉండకూడదు, వేలికి చిన్న గాయమున్నా పెట్టకూడదు. అద్దం మీద ఎర్రగీత ఒకటుండేది. నీళ్ళు గీత కిందికి దిగితే మట్టికుండలో పట్టి ఉంచిన వాననీళ్ళు మాత్రమే పొయ్యాలి.

"గీ పీతలకు గిన్ని సోకులా సిస్టరమ్మా?" అని వేళాకోళం చేశానొకసారి.

"ఎండకి నీళ్ళు పోతాయి గాని ఉప్పు పోదు లక్ష్మీ. అందుకే ఉప్పులేని నీళ్ళు పోస్తాం. సముద్రంలో ఏం పడినా కొట్టుకుపోతుంది. ఇక్కడ అలా కాదు, మనం ఏది పోస్తే అందులోనే బతకాలి అవి," అన్నదామె.

నేను ఏడో తరగతి దాకా చదివాను. మందు సీసాల మీది పేర్లు కూడబలుక్కుని చదవడం చూసి, "దవాఖానాలో ఆయా పని ఖాళీ అవుతోంది. డాక్టరుగారితో మాట్లాడతాను. ముందు చేరు, నర్సు పని నేను నేర్పిస్తాను," అన్నది. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు కాలు నేల మీద నిలవలేదు. నా ఆశంతా ఆ ఉద్యోగం మీదే.

ఆ ఎండాకాలంలో తండ్రికి జబ్బు చేసిందని ఆమె ఎనిమిది రోజులు ఊరికి వెళ్ళింది. తొట్టి నాకప్పగించింది. నాలుగో రోజు వాననీళ్ళ కుండ నా చేతుల్లోంచి జారి పగిలింది. మండుటెండల్లో వాన ఎక్కడిది? ఇంట్లో అన్నిటికన్నా పవిత్రమైనవి రాగి బిందెలో నీళ్ళు. బిందెను చింతపండుతో తళతళా తోమి, వడగట్టిన నీళ్ళు రాత్రంతా ఉంచి, రోజుకు రెండు చెంబులు గీత దాకా పోశాను. దేవుడికి పెట్టే నీళ్ళు పోశానని గర్వపడ్డాను కూడా. మూడు రోజులకు పీతలు శంఖాల్లోంచి బయటపడి చచ్చిపోయాయి. మా ఆయన బాయి నుంచి రాగానే చెప్పాను.

మా ఆయన తేలిగ్గా తీసేశాడు. "గింత పరేషాన్ ఎందుకే? కొత్త కుండ తెచ్చి పెట్టు. ఎవలకు ఎరుక?"

అలాగే చేశాను. పాత కుండ పెంకులు పారేసి, కొత్త కుండలో ఆ బిందె నీళ్ళే నింపి, పాత చోటనే పెట్టాను.

సిస్టరు వచ్చింది. వెంట రెండు జాడీల సముద్రపు నీళ్ళు తెచ్చింది. అరవలేదు. పీట వేసుకుని తొట్టి ముందు కూర్చుని చాలాసేపు చూసింది. పువ్వు పిడికిలంత ముడుచుకుపోయింది. "చేపలు బానే ఉన్నాయి. పీతలే ఎందుకు పోయాయి?" అని తనలో తనే అనుకుంది. తొట్టి నీళ్ళు తోడేసి కొత్తవి పోసి, "జాడీల్లో నీళ్ళు కొంచెం ఉప్పెక్కాయి. కుండలో వాననీళ్ళు కలుపుతాను. పువ్వైనా దక్కితే చాలు," అంటూ చెంబు కుండలో ముంచింది.

చెబితే నా ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే ఆ పువ్వు పోతుందేమో, నాకేం తెలుసు? చెంబు తొట్టి మీదికి వంగుతోంది.

"ఆగుండ్రి సిస్టరమ్మా! అవి వాననీళ్ళు కావు. కుండ పలిగింది," అని బావురుమన్నాను.

ఆమె చెంబు కింద పెట్టింది. "ఏడుపు తర్వాత. ముందు వరసగా చెప్పు. కుండ ఏ రోజు పగిలింది? ఏ నీళ్ళు పోశావు? ఎన్ని చెంబులు?"

చెప్పాను. రాగి అనగానే నుదురు కొట్టుకుంది. "ఓడల అడుగున రాగిరేకు ఎందుకు కొడతారనుకున్నావు? నత్తలూ గుల్లలూ పట్టకుండా. నేను పుట్టిన ఇంట్లో పని అది. మనకి మంచి చేసే రాగి వాటికి విషం. నీకు ముందే చెప్పకపోవడం నా పొరపాటు."

"మరి నా తప్పు లేదా సిస్టరమ్మా?"

"కుండ పగలడం తప్పు కాదు. కొత్త కుండ పెట్టడం తప్పు."

అంతే. మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. తొమ్మిదో రోజున పువ్వు ఒక్కో వేలూ విప్పింది. పంపు వదిలేసి నేను చిన్నపిల్లలా చప్పట్లు కొట్టాను. ఆ వారమే నన్ను డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళి, "ఈ అమ్మాయి తప్పు చేస్తే చెబుతుంది. చేర్చుకోండి," అన్నది. నాకున్న చదువు గురించి ఒక్క ముక్కా చెప్పలేదు. ఆమెలాంటి మనిషిని నేను తర్వాత చూడలేదు.

కొన్నేళ్ళకు ఆమె ఉద్యోగం మానేసి తాళ్ళరేవు వెళ్ళిపోయింది. అప్పటికి నేను మందులిచ్చే పనిలోకి వచ్చాను. ఒక మధ్యాహ్నం దగ్గుమందు అనుకుని ఒక పసివాడికి పైపూత మందు చెంచాడు తాగించాను. తల్లి వాణ్ణి భుజాన వేసుకుని గేటు దాటుతోంది. చూసినవాళ్ళు లేరు. సీసా తీసి అరలో పెట్టేస్తే ఎవరికీ తెలియదు. ఆ తల్లిని కేకేసి ఆపి, పిల్లవాణ్ణి ఎత్తుకుని, అన్నం ముందు కూర్చున్న డాక్టరు దగ్గరికి పరుగెత్తాను.

"సార్, కుండ పలిగింది!" అన్నాను.

"ఏం కుండమ్మా?" అన్నాడాయన, చెయ్యి కంచంలో ఉండగానే.

సీసా చూపించి, ఎంత తాగించానో, ఎప్పుడు తాగించానో వరసగా చెప్పాను. ఆయన అన్నం వదిలేసి లేచాడు. సాయంత్రానికి పిల్లవాడు తల్లి పాలు తాగి నిద్రపోయాడు. అప్పుడు ఏడ్చాను.